నాలుగో కాలు

సొహార్ క్యాంపు, పద్నాలుగో నంబరు రూము.
డ్రాయింగులు గీసే ఫిలిప్పీనాయన రోడెల్
వీసా క్యాన్సిలై పోతపోత
అద్దాల తొట్టి నా చేతుల పెట్టిండు.
చేపలు పెయింటు బకెట్ల.
నాలుగు. అండ్ల ఒకదానికి ఒక్కటే కన్ను.

"యాడ పెడ్తవ్?" అన్నడు నడ్పి పోశెట్టి, మీది మంచం మీదికెళ్లి.
నిజమే. ఆరు మంచాలు, బియ్యం డబ్బా,
చెప్పులకే జాగ లేదు.
తలుపెనక రెండు మూరల గోడ దొరికింది.

నూట ఇరవై లీటర్లు.
అంటే నూట ఇరవై కిలోలు. అద్దం వేరె, ఇసుక వేరె.
ఇద్దరు పోశెట్టిలు ఎక్కి కూసున్నంత బరువు,
పొద్దంత, రాత్రంత, లేవకుండ.

పోర్టు గేటు కాడ పారేసిన ప్యాలెట్లు రెండు
నెత్తిన పెట్టుకొని తెచ్చిన.
ఏ దేశం చెట్టో. మీద కాల్చిన ముద్ర, ఆ అక్షరాలు నాకు రావు.
మేకులు గుంజితే కీసుమన్నయి.
రందా పట్టినంక
లోపలికెళ్లి లేత పసుపు తేలింది, బంక వాసన.
పదకొండేండ్లాయె
చెక్క వాసన చూడక.

నవ్వకుండ్రి. నేను షట్టరింగు కార్పెంటర్ను.
నా చేతికొచ్చే చెక్కకు సిమెంటు వాసన, డీజిల్ వాసన.
కట్టిందంత విప్పుటానికే కట్టిన.
స్లాబు గట్టిపడ్డ నాడు
కింది చీలలు కొట్టేస్తం, పలకలు దబదబ పడ్తయి,
బిల్డింగు నిలవడ్తది,
మేం అవతలి బిల్డింగుకు పోతం.
కప్పు కింద ఒక్కోసారి నా పలక గీతలు
కాంక్రీటు మీద అచ్చువడి కనవడ్తయి,
కొమ్మ విరిగిన ముడి సుత.
రెండు దినాలు.
తర్వాత ప్లాస్టరోళ్లు వస్తరు.

శుక్రవారం నీళ్ల ట్యాంకు నీడల కూసున్న.
మా వడ్లోళ్ల ఇంట్ల ఒక మాటుండె:
బరువును చెక్క మీద చెక్కనే మొయ్యాలె,
మేకు ఉత్త సాక్షి.
కాళ్ల నెత్తి మీదనే చట్టం కూసునేటట్టు గాడి కోసిన.
స్క్రూలు మొత్తం పదహారే.
వెనక ఏటవాలుగ ఒక అడ్డకట్టె;
అది లేకుంటే నిలవడ్డట్టే ఉండి ఒరుగుతది.
మీద ప్లైవుడ్డు, దాని మీద థర్మకోలు,
టీవీ డబ్బల వచ్చింది, మంగీలాల్ దాచిపెట్టి ఇచ్చిండు.
వార్నిషుకు రియాలున్నర.
ఇంటికి పంపేట్ల ఆ నెల తగ్గిందానికి
ఏం లెక్క చెప్పాల్నో తెల్వక, చెప్పలే.

రాత్రి బకెట్టెనక బకెట్టు పోస్తుంటే
ఆరుగురం ఊపిరి బిగవట్టినం.
కట్టె ఒక్కసారి కిర్రుమన్నది,
కాడి కింద కొత్త కోడె లెక్క సర్దుకున్నది.
నీళ్లంచు మాత్రం ఎడమ మూలకు గోరంత ఎక్కువ.
తప్పు గచ్చుది. కడిగిన నీళ్లు మోరిలకు పోవాల్నని
ఎవడో వాటం పెట్టి పోసిండు.
వాని పని వాడు మంచిగనే చేసిండు.

చెంబుతోని మళ్లీ తోడి
నాలుగో కాలు కింద చీల పెట్టిన.
సైటు మీద రోజు
నేను ముందుగాల కొట్టేసేది గిదే.
సుత్తె లేపిన చెయ్యి జర ఆగింది.
బంక పూసి, లోపలికి కొట్టిన.

వారం తర్వాత క్యాంపు బాసు రూములు చూడవచ్చిండు.
మోకాలితోని నెట్టి చూసిండు.
కదలలే.
"కంపెనీ చెక్కనా?"
"కాదు సార్, పారేసింది."
ఒంటికన్ను చేప ఆయన దిక్కు తిరిగింది,
కన్ను లేని పక్క పెట్టి.
ఏమనలే, పోయిండు.

పోశెట్టి ఇప్పుడు పండుకునే ముందు
నన్నడగకుండనే
చెప్పులు దాని కింద పెడ్తుండు.
మొన్న చూస్తే మూడు జతలున్నయి.
కింద ఇంకో పలక కొట్టాలె.